గేదె వీపు మీద కొంగ

విరిగిన కాలు అతుక్కున్నా కొంగకు నడక కుదరలేదు. రెండడుగులు వేస్తే ఒరిగిపోయేది. గేదె వీపు మీద మాత్రం నిలబడేది, ఎందుకంటే అది పడిపోతుందేమోనని గేదె మేత కూడా మానేసి కదలకుండా ఉండేది.

తాబేలు అది చూసి, "నువ్విలా రాయిలా నిలబడితే దాని కాలు ఏం నేర్చుకుంటుంది?" అంది.

"కదిలితే పడిపోతుందమ్మా," అంది గేదె.

"మెత్తటి గడ్డిలో నడువు. పడితే పడనీ."

గేదె బెంగగానే కదిలింది. కొంగ జారి గడ్డిలో పడింది. "తోసేశావు కదూ అక్కా," అని అలిగి, మళ్లీ ఎక్కింది. అలా పడుతూ ఎక్కుతూ గేదె నడకకు తగ్గట్టు ఒళ్లు సర్దుకోవడం నేర్చింది.

ఒక ఉదయం గట్టు దిగుతూ గేదె అడిగింది, "భయంగా ఉందా చెల్లీ?"

కొంగ అప్పటికే వీపు మీంచి మెడ దాకా నడిచొచ్చింది. "తల ఊపకు అక్కా, నీ చెవి వెనక పిడుదు పురుగు ఉంది."