ఒంటికి బలం

పంకజవల్లి తమ్ముడి చేతిలోని పుట్టగొడుగు పొడి కలిపిన పాలగ్లాసు లాక్కొని పెరట్లోకి విసిరేసింది. గ్లాసు దొర్లుకుంటూ పోయి బట్టలుతికే బండ దగ్గర ఆగింది.

“పుట్టగొడుగు మన ఇండ్లల్లో గడప తొక్కదప్పా. అహోబిలం స్వామికి హారతి పట్టే చేతులు మనవి. యాడ నేర్చినావ్ ఈ తిండి?”

కృష్ణస్వామి మంచం మీద తల వంచుకున్నాడు. జవాబు వంటింట్లోంచి వచ్చింది. అది ఆయన భార్య విష్ణుప్రియది. ఆడపడుచు అహోబిలం నుంచి వచ్చి నంద్యాలలోని తన ఇంట్లో పెత్తనం చేయడం ఆమెకు మొదటినుంచీ గిట్టలేదు.

“ఒకరి కిడ్నీ తీసి ఇంకొకరికి పెట్టొచ్చని ఏ శాస్త్రంలో రాసినారు వదినా? దానికి ఒప్పుకొంటివే.”

“అడిగినోడు తమ్ముడు. అప్పుడు శాస్త్రాన్ని నేనేం అడగలేదు.”

“అయితే ఇప్పుడూ అడగొద్దు.”

ఉగాదికి ముందు హైదరాబాదులో ఆపరేషన్ అయింది. అప్పటినుంచి కృష్ణస్వామి అక్క ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్నాడు. డాక్టరు బిళ్ళలు తప్పకుండా మింగుతున్నా నీరసం మాత్రం పోలేదు. అది చూసి పక్కవీధి సుందరరాజు ఈ పొడి తెచ్చిచ్చాడు. టై కట్టుకొని ఇంటింటికీ తిరిగి అమ్ముకునే మనిషి. అడవి పుట్టగొడుగు, తిప్పతీగ కలిపి చేసిందని, ఒంట్లో రోగంతో పోరాడే శక్తిని పెంచుతుందని, ఇది ఆహారమే గనుక డాక్టరుకు చెప్పే పనే లేదని అన్నాడు.

ఈ పొడి తాగినప్పటినుంచి ఆకలి వేస్తోందని కృష్ణస్వామి మెల్లగా చెప్పాడు. తులసిని పుట్టించిన స్వామే పుట్టగొడుగునూ పుట్టించాడు గదా, అందులో మైల ఎక్కడిదని అక్కను అడిగాడు.

“నా కిడ్నీ మోస్తా ఆ కంపు తాగుతావా?” అంది పంకజవల్లి.

విష్ణుప్రియ మొగుడికి అడ్డంగా వచ్చి నిలబడింది. “ఇచ్చినంక అది ఈయనది. నా కిడ్నీ, నా కిడ్నీ అని ఇంకెన్నాళ్లు చెప్పుకుంటా తిరుగుతావ్? ఈ మనిషి లేచి నడిస్తే నీకే పేరు రావల్ల. నేను రాత్రీపగలూ చేసేది ఎవురికీ కనపడదు.”

పంకజవల్లి వంటింట్లోకి పోయి తన మడిచీరలు సంచిలో పెట్టుకుంది. మంచినీళ్లు కూడా తాగకుండా ఆళ్లగడ్డ బస్సెక్కడానికి వెళ్లిపోయింది. తమ్ముడు ఆపలేదు.

విష్ణుప్రియ ఆ పొడిని పొద్దునా సాయంత్రమూ పాలలో కలిపి ఇచ్చింది. కృష్ణస్వామి బజారుదాకా నడిచి వస్తుంటే, ఇది ఎవరి చలవో చూడండని ఇరుగుపొరుగుకు వినిపించేలా చెప్పింది.

దసరా దాటేసరికి ఆయన కాళ్లు వాచాయి. జ్వరం పట్టుకుంది. మూత్రం పడటం ఆగింది.

విష్ణుప్రియ నేరుగా సుందరరాజు ఇంటికి పోయి, గుమ్మంలోనే అతని టై పట్టుకుంది. కల్తీ సరుకు అంటగట్టావని వీధి వినేలా తిట్టింది. అతను బిడ్డల మీద ఒట్టేసి, సరుకు అసలుదేనన్నాడు. అయితే తప్పెవరిదో ఆమెకు తెలిసిపోయింది. వెళ్లేముందు వంటింట్లో ఒంటరిగా ఉన్నది వదినే.

హైదరాబాదులో ఆపరేషన్ చేసిన డాక్టరు ముందు ఆమె ఆ డబ్బా పెట్టింది.

“మా వదిన పొడి మార్చిపెట్టి పోయింది సార్. ఈయన బాగుపడితే పేరు నాకొస్తుందని ఓర్వలేకపాయ. మీరు పరీక్ష చేసి రాసియ్యండి. ఆమెను పోలీసు స్టేషన్ మెట్లెక్కిస్తా.”

డాక్టరు డబ్బా మీద రాసింది మొత్తం చదివాడు. ఎన్నాళ్లుగా ఇస్తున్నారని అడిగాడు. చెప్పింది. ఆయన మూత పెట్టి డబ్బాను పక్కకు జరిపాడు.

“ఆమె మార్చి ఉంటే బాగుండేదమ్మా. ఇది అసలుదే. వాళ్లు చెప్పినట్టే మీ ఆయన ఒంట్లో పోరాడే శక్తిని పెంచింది. ఆ శక్తే మీ వదిన ఇచ్చిన కిడ్నీని పరాయిదని పట్టుకొని చంపేసింది.”