ఓడలో వచ్చిన జాబితా

ఇలా దగ్గరికి జరగండర్రా, నా మాటలు సగం గాలికి రేవులోకి కొట్టుకుపోతున్నాయి.

"నా శిక్ష ఏడేళ్ళూ మార్చిలోనే అయిపోయాయి దొరా!" అంది హెస్టర్, చంకలో పిల్లని సర్దుకుంటూ.

"అయిపోయాయని నువ్వంటున్నావు. కాగితమేదీ?" అన్నాడు మేజిస్ట్రేటు దొర.

కాగితం ఎక్కడినుంచి తెస్తుంది? ఖైదీల్నీ మేకుల్నీ పందుల్నీ వరసపెట్టి ఓడలెక్కించిన లండన్ పెద్దలు, ఎవరికి ఎన్నేళ్ళ శిక్షో రాసిన కాగితాలు మాత్రం అక్కడే మరిచిపోయారు. అందరూ సిడ్నీ రేవులో దిగి రెండున్నరేళ్ళు కావస్తున్నా అవి రాలేదు. శిక్ష తీరినవాళ్ళూ తీరనివాళ్ళూ ఒకే రంపం లాగుతున్నారు. నాది తీరిందని గట్టిగా అరిచినవాడి వీపు కొరడాతో చీరేశారు.

"సోమవారం పడవ నార్ఫోక్ దీవికి పోతుంది. నువ్వూ పిల్లా ఎక్కాలి" అన్నాడు దొర.

"మరి నా మొగుడో?"

"రూబెన్ ఇటుకలు కోసేవాడు, ఇక్కడే ఉండాలి. నీ శిక్ష తీరిందని తేలితే నిన్ను పంపే హక్కు నాకు లేదు. తేలలేదుగా!"

హెస్టర్ బయటికొచ్చి ఇటుకల బట్టీ వైపు చూసింది. మధ్యన వెయ్యి మైళ్ళ సముద్రం పడితే ఇక ఈ జన్మకి రూబెన్ మొహం చూడదు. పిల్లకి తండ్రి గుర్తే ఉండడు.

శుక్రవారం కొండ మీద జెండా లేచింది. ఓడ! ఊరంతా రేవుకి పరుగెత్తింది.

ఆ సాయంత్రం బార్నబీ టక్ ఆమె గుడిసెకి వచ్చాడు. దొర దగ్గర రాతపని అతడిదే. అతడూ ఖైదీయే.

"కాగితాలొచ్చాయమ్మాయ్. పెట్టెడు!"

"నిజంగానా? ఎగతాళి చెయ్యకు, నా గుండె ఆగిపోతుంది."

"అంత కుప్పలో నిన్ను వెతకాలంటే ఆనవాళ్ళు కావాలి. ఏ ఊరి కోర్టు?"

"ఎక్సెటర్. పదిహేడొందల ఎనభైమూడు, మార్చి."

"ఏం కొట్టేశావ్?"

"ఒక జున్నుగడ్డ. రెండు చేతిరుమాళ్ళు."

"రుమాళ్ళ అంచు?"

"నీలం. ఎందుకయ్యా, నువ్వు మెడకి కట్టుకుంటావా?"

టక్ నవ్వలేదు. "నిజం చెప్పు. ఏడేళ్ళేనా? పద్నాలుగు కాదు కదా?"

"నా పిల్ల మీద ఒట్టు, ఏడే."

టక్ తలూపి పక్క గుడిసెకి వెళ్ళాడు. అక్కడా అవే ప్రశ్నలు.

ఆదివారం ప్రార్థన అయ్యాక దొర అందరినీ నిలబెట్టి జాబితా విప్పాడు. ఒక్కో పేరూ చదువుతుంటే రూబెన్ తన టోపీని పిండేస్తున్నాడు.

"హెస్టర్ పార్డీ. ఎక్సెటర్ కోర్టు. జున్నుగడ్డ ఒకటి, నీలం అంచు రుమాళ్ళు రెండు..." దొర ఆగాడు. "రుమాళ్ళ అంచు కూడా రాశారే! లండన్ వాళ్ళని ఊరికే తిట్టుకున్నాను. ఇంత సముద్రం దాటొచ్చినా ఒక్క మరకైనా లేదు!"

"రేకుపెట్టెలో పెట్టి పంపారు దొరా" అన్నాడు టక్.

"శిక్ష ఏడేళ్ళు. తీరిపోయింది. రేపటి పడవలో నీ పేరు కొట్టేస్తున్నాను. ఇక నీ ఇష్టం వచ్చినచోట ఉండు."

హెస్టర్ ఉన్నచోటే కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

"ఒసేయ్, లేవవే! బురదలో కూర్చున్నావ్" అన్నాడు రూబెన్, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇష్టం వచ్చినచోట ఉండమన్నారుగా! నాకిక్కడే బాగుంది."

ఆ రోజు పదకొండు మంది బయటపడ్డారు. రేవంతా లండన్‌కి దండాలు పెట్టింది.

ఇది మరిచిపోకండర్రా, మీ పిల్లలకీ చెప్పండి. ఈ చివరి మాట మాత్రం కాస్త గొంతు తగ్గించి చెప్పండి.

ఆ ఓడలో కాగితాలు రానేలేదు.