గోడ మీది కరుణదాస

నరకంలో కరుణదాసకు సీటు ఖాయమై పదకొండేళ్లయింది.

బిబిలె ఊరి దగ్గరి చిన్న బౌద్ధ విహారంలో, లోపలి గోడ మీద అవీచి నరకం బొమ్మ ఉంది. సలసల కాగే కొప్పెరలోంచి తల బయటపెట్టి అరుస్తున్నవాడు అచ్చం కరుణదాసే. అవే బుర్రమీసాలు, అదే చప్పిడి ముక్కు, ఎడమ చెంప మీద అదే పులిపిరి.

గోడకు కొత్తగా రంగులు వేయించిన ఏడు, పెయింటర్ ఎక్కడో దూరాన ఉన్న అంబలంగొడ నుంచి వచ్చాడు. కరుణదాసను ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. చూడనివాడు మొహం ఎలా గీశాడు? కర్మే చెయ్యి పట్టుకుని గీయించిందని ఊరంతా తేల్చేసింది. కరుణదాస కూడా నమ్మాడు.

పేరేమో కరుణదాస, పనేమో అడవిపందులకు ఉచ్చులు పెట్టడం. అంతకుముందు నెలకో పంది పడితే గొప్ప. బొమ్మ వెలిశాక అడవి నిండా ఉచ్చులే. "ఒక్క పందికి ఉడికినా వంద పందులకు ఉడికినా కొప్పెర అదేగా," అనేవాడు. పైకి అలా అనేవాడు కానీ, ఉచ్చులో పంది అరుపు విన్న రోజు ముద్ద దిగేది కాదు.

ఇంతలో కూతురు సందమాలికి కొడుకు పుట్టాడు. కరుణదాస రెండు చేతులూ చాచుకుని వెళ్లాడు. సందమాలి బిడ్డను వెనక్కి లాక్కుంది.

"ఆ చేతులతోనా? ఉచ్చులు మానెయ్ నాన్నా, ఇస్తాను. అప్పటిదాకా గుమ్మంలోంచి చూసిపో."

"నేను మానితే ఆ గోడ మీదోడు కొప్పెరలోంచి దిగొస్తాడేంటే?"

"నువ్వు వీడికి తాతవి. గోడకి కాదు."

నాలుగు రోజులు గుమ్మంలోంచి చూశాడు. ఐదో రోజు ఉండబట్టలేక విహారానికి వెళ్లాడు. అక్కడి భిక్షువు విమలజోతి స్వామి వాకిలి ఊడుస్తున్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి.

"స్వామీ, నేను మానినా ఒకటే, మానకపోయినా ఒకటే. నా సంగతి గోడెక్కేసింది."

స్వామి చీపురు ఆపాడు. నవ్వు కూడా ఆపాడు.

"చేసింది తప్పే. తప్పని నీకూ తెలిసింది. కుమిలిపోతే చచ్చిన పంది లేచొస్తుందా? ఇవాళ్టి నుంచి చేయకు. బతికున్నవాటి మేలు కోరు. బుద్ధుడు చెప్పింది ఇంతేనయ్యా."

"మరి ఆ బొమ్మ?"

"గోకెయ్."

కరుణదాస అదిరిపడ్డాడు. "విహారంలో బొమ్మ గోకితే ఇంకో నరకం చుట్టుకోదూ?"

"ఆ పాపం నాది. నువ్వు కానియ్." స్వామి అప్పటికే లోపలికెళ్లి తాపీ తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

మీసాలు పోయాయి. ముక్కు పోయింది. పులిపిరి రాలినప్పుడు కరుణదాస తన చెంప తడుముకున్నాడు. అది ఉన్నచోటే ఉంది. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

అట్నుంచి అటే అడవికెళ్లి ఉచ్చులన్నీ పీకి, రెండు గోతాలు మోసుకొచ్చి కూతురి ముందు పడేశాడు. సందమాలి బిడ్డను చేతుల్లో పెట్టింది. వాడు పడీపడగానే తాత లుంగీ తడిపేశాడు. కరుణదాస నవ్వుతూనే ఏడ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే కొబ్బరిపాల అన్నం వండించుకుని విహారానికి తీసుకెళ్లాడు. స్వామి భోంచేసి చెయ్యి కడుక్కున్నాక, ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"ఒక్కమాటలో నన్ను బయటపడేశారు స్వామీ. మీరెప్పుడూ ఏ తప్పూ చేసి ఉండరు, ఈ కుమిలిపోవడం మీకెలా తెలిసిందో మరి."

స్వామి మొహం చెరిగిన గోడ బొమ్మ వైపు తిరిగాడు.

"ఒకటి చేశాను కరుణదాసా," అన్నాడు, "పెయింటర్ జ్వరమొచ్చి పడుకున్న రోజు, నువ్వు భయపడి వేట మానేస్తావని, ఆ మొహం నేనే వేశాను."