ఒలీటా కేక

"ఏడిశావులే! దీన్ని కేకంటారా?" వేయించిన చేపల మీద గుడ్డ కప్పుతూ అంది ఒలీటా. "నిద్రపోయే పసిపిల్లను లేపుతున్నట్టుంది."

క్లైవ్ మొహం చిన్నబోయింది. లండన్ నుంచి పడుతూ లేస్తూ హ్యూస్టన్‌లోని ఈ రేకుల ఇంటికి వచ్చిందే ఆ కేక కోసం. ఇల్లు పట్టని మొగుణ్ణి దులిపేస్తూ ఒలీటా ఎప్పుడో పాడిన పాటలోది అది. మధ్యలో గుండె అదిరేలా ఒక్క కేక వేస్తుంది. రాక్ పాడే కుర్రాళ్ళంతా ఆ కేక పట్టుకోబోయి గొంతులు పోగొట్టుకున్నవాళ్ళే. రేపు ఈ ఊళ్ళోనే క్లైవ్ బ్యాండు అదే పాట రికార్డు చేయబోతోంది. "కేక పడకపోతే పాడేది నువ్వు కాదు" అని డ్రమ్మరు మొహం మీదే చెప్పేశాడు.

"అసలు మీరెక్కడ నేర్చుకున్నారమ్మా?"

"ఈ వంటింటి గుమ్మంలోనే, నాయనా. మా థర్మన్‌ని భోజనానికి పిలిచీ పిలిచీ!"

పెరటి చివరి షెడ్డు వైపు గరిటె చూపించింది. "టొమాటో మొక్కలు చూసొస్తానని పోయాడు మహానుభావుడు. చుట్ట మానెయ్యమని డాక్టరు చెప్పాడులే, అందుకే మొక్కల మీద అంత ప్రేమ. పిలిస్తే చెవులు వినపడవంటాడు. ఆయన్ని రప్పించావా, నీకు కేక వచ్చినట్టే."

క్లైవ్ పొడుగాటి జుట్టు వెనక్కి ఎగదోసి, కళ్ళు మూసుకుని రాగం తీశాడు. "థర్మన్ గారూ...!"

షెడ్డు దగ్గర అలికిడి లేదు. దడి అవతల బట్టలారేస్తున్న పక్కింటావిడ మాత్రం తొంగి చూసింది.

"పాపం, ఆ పిల్లకేమైంది ఒలీటా? కడుపునొప్పా?"

"పిల్ల కాదే, పిల్లాడు. పాడుతున్నాడట!"

క్లైవ్ మళ్ళీ పిలిచాడు. ఇంకా పైస్థాయిలో పిలిచాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ థర్మన్ రాలేదు. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదేమో, చేపల వాసనకు ప్రాణం లాగేస్తోంది.

"పోనీ, తినేసి మళ్ళీ పిలవనా?" అని గుడ్డ కింద చెయ్యి పెట్టాడు.

గరిటె టప్పున చేతి మీద పడింది. "తప్పు! ఇంటాయన వచ్చి ప్రార్థన చెప్పనిదే ఈ ఇంట్లో ముక్క ముట్టరు."

"ఆయన రాకపోతే?"

"చల్లారిపోతాయి. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నేను తింటున్నవి అవేగా!"

క్లైవ్ బల్ల వైపు చూశాడు. మొక్కజొన్న రొట్టె మీద కరిగిన వెన్న అప్పుడే పేరుకుంటోంది. షెడ్డు వైపు చూశాడు. వెనకాల నుంచి సన్నగా, తీరిగ్గా పొగ లేస్తోంది.

అంతే, ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ కడుపులో పేగులు అరుస్తుంటే ఈ పెద్దమనిషి అక్కడ చుట్ట పీలుస్తున్నాడా! పాట మరిచాడు, రాగం మరిచాడు, డ్రమ్మరును కూడా మరిచాడు.

"థర్మ...న్!"

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పక్కింటావిడ చేతిలోంచి తడి దుప్పటి జారి మట్టిలో పడింది. ఒలీటా గరిటె గాల్లోనే ఆగిపోయింది.

షెడ్డు వెనక ఏదో దభేల్మంది. ఒంటికాలి చెప్పుతో, టోపీతో పొగ విసురుకుంటూ, తల కూడా ఎత్తకుండా పరుగెత్తుకొచ్చాడు థర్మన్.

"లేదే ఒలీటా, నీ మీదొట్టు! చుట్ట ముట్టుకోలేదే!"