నల్ల సున్న

"ఆ గీత గీయకండి డాక్టరు గారూ!"

తండ్రి అరుపుకి డాక్టరు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. కాగితం మీద వంశవృక్షంలా రెండు సున్నలు. పైది తల్లి. స్కిజోఫ్రెనియాకి గుర్తుగా దాన్ని నల్లగా నింపేశాడు. కిందది కూతురు. రెండింటినీ కలిపే గీత సగంలో ఉంది.

కూతురికి మూడో నెల. అమ్మ జబ్బు తనకీ, కడుపులో బిడ్డకీ వస్తుందేమోనన్న భయంతో నెల రోజులుగా ముద్ద దిగడం లేదు. బిడ్డను ఉంచుకోవాలా వద్దా, ఈ రోజే తేల్చుకుందామని వచ్చింది.

"వందలో పదిమందికే వస్తుందమ్మా. జన్యువులే సర్వం కాదు," అన్నాడు డాక్టరు.

"ఆ పదిమందిలో నేనుంటేనో?"

తల్లికి ఇవేవీ పట్టలేదు. ఈ పిచ్చాసుపత్రికి ఎప్పుడొచ్చినా ఆవిడ ఈ కుర్చీలోనే కూర్చుని గోడకి చెవి ఆనిస్తుంది. గోడకి అవతల, ఏళ్ళ తరబడి ఇల్లు చేరని ఆడరోగుల వార్డు.

"అసలు ఆ గీతే లేదు తల్లీ," అన్నాడు తండ్రి. "నువ్వు మీ అమ్మ కడుపున పుట్టలేదు. దాని రక్తంలో ఈ జబ్బుందని మేం పిల్లల్నే వద్దనుకున్నాం. అమ్మ ఇక్కడ వైద్యంలో ఉన్నప్పుడు పెద్ద నర్సు నిన్ను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎవరి బిడ్డని అడగొద్దంది. అడగలేదు."

కూతురికి అమ్మ మాటలు గుర్తొచ్చాయి. 'నువ్వు నా పిల్లవి కావని గోడ చెప్పిందే' అని అమ్మ ఎన్నిసార్లు అనలేదు! పిచ్చి మాటలని అందరూ కొట్టిపారేశారు.

డాక్టరు రబ్బరు తీసుకుని సగం గీతని చెరిపేశాడు.

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గుండెల మీద కుంపటి దించినట్టయింది. పొట్ట మీద చెయ్యేసుకుని తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా! నీ గోడ నిజమే చెప్పిందే!"

తల్లి మొదటిసారి గోడ మీంచి చెవి తీసింది. పిచ్చిదాన్ని చూసినట్టు జాలిగా చూసింది.

"గోడలకి చెవులుంటాయి గానీ నోరెక్కడిదే? చెప్పింది అవతల వార్డులో ఉన్న మీ అమ్మ."