కొత్త పాట దొంగ

“దొంగ దొరికిందండీ,” అంటూ సెప్టిమస్ క్రేన్ ఒకావిడను నాటకశాల ఆఫీసు గదిలోకి తోసుకొచ్చాడు.

యజమానురాలు మిసెస్ విట్లో తలెత్తి చూసింది. తెలిసిన మొహమే. టోపీలు కుట్టే కెజియా. లండన్ పనివాళ్లకు సోమవారం కూడా ఆదివారంలాగే సెలవు కాబట్టి, ప్రతి సోమవారం మధ్యాహ్నం ఆటకు వచ్చి ముందు బెంచీలో కూర్చుని, పాట వస్తే పెదవులు కదుపుతూ ఉంటుంది.

“నిన్నే మొదటిసారి వేదికెక్కిన పాట, ఈ పొద్దున పెన్నీకి దొరికే పాటల పుస్తకంలో అచ్చయి ఊరంతా అమ్ముతున్నారు. ఇలా జరగడం ఇది మూడోసారి,” అన్నాడు సెప్టిమస్. నాటకశాలకు పాటలు రాసేది అతనే. “రాసిన కాగితం నేనెవరికీ ఇవ్వను. పాడే ఫెబీకి కూడా నోటితోనే నేర్పుతాను. మరెలా పోతోందా అనుకున్నాను. పుస్తకాల బండి దగ్గర ఈవిడ పాట మొత్తం పాడేస్తోంది. పోలీసును పిలవండి.”

పోలీసు స్టేషన్ మెట్లెక్కిందని తెలిస్తే టోపీల దుకాణంలో కెజియా పని ఊడుతుంది. అయినా తల దించలేదు.

“ఒక్కసారి వింటే పాట నాకొచ్చేస్తుందమ్మా. పనిలో మావాళ్లందరికీ పాడి వినిపిస్తాను. అంతేగానీ ఎవరికీ అమ్ముకోలేదు.”

“ఒక్కసారికే వచ్చేస్తుందా?”

“మీ బల్ల మీదున్న ఆ పుస్తకం చూస్తూ ఉండండి. అప్పజెబుతాను.”

“ఆ చెత్త మీరు ముట్టుకోవడం దేనికండీ?” అన్నాడు సెప్టిమస్.

విట్లో అప్పటికే పుస్తకం తెరిచింది. అరచేతిలో ఇమిడిపోయేంత పుస్తకం. కెజియా గొంతు సవరించుకుని పాడింది. విట్లో వేలు అక్షరాల వెంట నడిచింది. రెండు చరణాల్లో ఒక్క మాట తేడా రాలేదు. యజమానురాలికి లోపల ముచ్చటేసింది, కోపం కూడా వచ్చింది.

“చాలు, చాలు. తన నోటితో తనే ఒప్పుకుంది. ఇంకా రుజువెందుకు?” సెప్టిమస్ పుస్తకం తీసుకోబోయాడు.

“ఆగవయ్యా.” విట్లో పేజీ తిప్పింది. అక్కడ మూడో చరణం ఉంది. “మూడోది కూడా కానీ, కెజియా.”

కెజియా తెల్లమొహం వేసింది. “మూడోదుందా అమ్మా?”

“చూశారా, ఉన్నట్టుండి మతిమరుపు వచ్చింది. ఈవిణ్ణి మనం వేదికెక్కించాల్సింది,” అన్నాడు సెప్టిమస్.

నిన్న ఆట జరుగుతున్నంతసేపూ విట్లో టిక్కెట్ల కిటికీ దగ్గరే ఉండిపోయింది, పాట వినలేదు. పక్క గదిలో జుట్టు ముడేసుకుంటున్న ఫెబీని పిలిచింది.

“నిన్న మూడో చరణం మరీ మెల్లగా పాడావేంటే? ముందు బెంచీకి కూడా వినపడలేదట.”

ఫెబీ నోట్లో పిన్నులు తీసి చేతిలో పట్టుకుంది.

“మూడో చరణం ఆయన నాకింకా నేర్పనే లేదండీ.”