గొడుగు కింద ఇద్దరు

"అది అమ్మకానికి కాదు మేడమ్," అన్నాడు రోనాల్డ్ మాస్టారు, మూడోసారి.

కల్పలత కదల్లేదు. గోడ మీది ఫొటోలో స్కూలు యూనిఫాంలో ఉన్న పాప ఒకామె చెయ్యి పట్టుకుని మెట్టుగూడ రోడ్డు దాటుతోంది.

"ఈ ఒక్కటి ఇయ్యండి సార్. మిగతా ఇరవై మీరే ఉంచుకోండి."

"ఒక్కటి తీస్తే వరుస తెగిపోతది కదమ్మా!"

రిటైరయ్యాక మాస్టారికి ఫొటోల పిచ్చి పట్టింది. పాత సామాన్ల దుకాణంలో ఈ కట్ట దొరికితే మురిసిపోయి, చర్చి హాల్లో ప్రదర్శనే పెట్టేశాడు. తీసిందెవరో తెలియదు. అన్నిట్లోనూ ఒకే ఆమె. ఒక్కదాంట్లోనూ కెమెరా వైపు చూడదు. ఆయన సంబరం చూస్తే ఎవరికైనా కాదనబుద్ధి కాదు.

"ప్రతి ఫొటో ఎనుక తేదీ, టైము రాసుకున్నడు మేడమ్. ఎంత శ్రద్ధ! ఆమె అంటే పానం ఆయనకు. గీ గొడుగు ఫొటో చూడండి, ఇంకొకరితోని నవ్వుతుంటే సుత ఎంత మంచిగ తీసిండు!"

"వాన పడుతుంటే మా ఆఫీసు సామ్యూల్ సార్ గొడుగు పట్టిండు. అంతే."

మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని ఆమెనూ గోడనూ మార్చి మార్చి చూశాడు.

"అరె, మీరేనా! కానీ అంతే అంటే ఎట్లమ్మా? ఈ ఫొటో ఎవరు చూసినా ప్రేమనే అంటరు."

"అన్నరు సార్." ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

మాస్టారు కంగారుపడి మాట మార్చాడు. "మరి ఈ పాప?"

"నా బిడ్డ. ఆరేండ్లప్పుడు నా చేతులకెల్లి గుంజుకపోయిన్రు. ఇప్పుడు యాడుందో తెల్వదు. నా దగ్గర దాని ఫొటో ఒక్కటి సుత లేదు."

వరుస పోతే పోయిందని మాస్టారు మేకు నుంచి ఫొటో తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. కల్పలత పాప ముఖం మీది దుమ్మును కొంగుతో తుడిచి, ఏడుస్తూనే గుండెకు అదుముకుంది.

"ఒక్క మాట తల్లీ," అన్నాడు మాస్టారు. "తీసినాయన పేరు చెప్పండి, గోడ మీద రాయిస్త. అంత ప్రేమించినోడు పేరు లేకుండ పోతే నా మనసు ఒప్పుత లేదు."

"పేరు నాకూ తెల్వదు సార్," అంది కల్పలత. "విడాకుల కేసుల మా ఆయన నా ఎనుక పెట్టిన డిటెక్టివ్."